ఐరావత డివిజన్ ఉత్థాన పతనాలు

విండ్సర్,
12 జనవరి 2025

మహారాజశ్రీ, వీరాధివీర, విశ్రాంత కల్నల్ మల్లికార్జున్ పెదనాన్నగారి సముఖమునకు,

మీ తమ్ముడి కొడుకు తారక్ వంద దండాలతోనూ, అంతకు రెట్టింపు భయంతోనూ రాసుకుంటున్నది.

ముందుగా క్షమాపణ. ఇది మామూలు క్షమాపణ కాదు, సకల క్షమాపణ. ఈ ఉత్తరం వల్ల ఓక్‌విల్‌లో శాంతిభద్రతలు దెబ్బతింటే క్షమించండి. మీ మీసం నిక్కబొడుచుకుంటే క్షమించండి. రాబోయే వారాల్లో ఒక నదీ, మూడు ఊళ్ళూ, వేలాది మంది సైనికులూ నా చేతిలో నాశనమైతే, ఆ సైనికుల కన్నతల్లుల ముందు కూడా ఇప్పుడే మోకరిల్లుతున్నాను. నిజానికి ఇందులో నా తప్పు ఆవగింజంత లేదు. అయినా తర్వాత తీరిక దొరకదని ముందే చెప్పి పెడుతున్నాను.

విషయం: యుద్ధ ప్రకటన.

దీంతో పాటు ఒక మ్యాపు జతపరిచాను. నేనే గీశాను. మధ్యలో ఉన్న నీలం గీత మంచేరు అనే నది. దాని మీద ఉన్నది ఒకే ఒక్క వంతెన. వంతెన మీది, దాన్ని పట్టుకోబోయే ఎలైట్ ఆర్మర్డ్ డివిజన్, అంటే ట్యాంకుల దండు, నాది. పేరు ఐరావత డివిజన్. పేరు పెట్టడానికే రెండు రోజులు పట్టింది, మిగతా ప్లానింగ్‌కి అరగంట.

ఉత్తరమే ఎందుకంటారా? ఫోన్ చేస్తే మీరు "ఆఁ, ఆఁ, అంతా బాగే" అని అమృతక్క చేతికి ఇచ్చేస్తారు. వాట్సాప్‌ని మీరు శత్రువుల సిగ్నల్స్ విభాగంగా చూస్తారు. అందుకని జీవితంలో మొదటిసారి స్టాంపు కొన్నాను. నాలికతో తడపబోతే పోస్టాఫీసావిడ ఆపింది. ఇప్పుడవి స్టిక్కర్లట.

ఇక అసలు సంగతి. హియరింగ్ టెస్ట్‌కి వెళ్దామని అక్క కాగితం మీద రాసి చూపిస్తే, "నా చెవులు బాగానే ఉన్నాయి, మీరంతా గొణుగుతున్నారు" అన్నారట. ట్యాంకు గన్నుల పక్కన అన్నేళ్ళు గడిపి ఆ మాట అనగలిగినవాడు మీరొక్కరే. అంతవరకు విని నేను నవ్వాను. తర్వాత అక్క చెప్పింది నవ్వొచ్చేది కాదు. కిట్టు మీకు బడి కబుర్లు చెప్పడం మానేసిందట. మీ మనవరాలు, ఆరేళ్ళ పిల్ల, వాళ్ళమ్మను పక్కకు పిలిచి, "డజ్ తాతా నాట్ లైక్ మీ?" అని అడిగిందట.

కాబట్టి పందెం. ఫిబ్రవరి ఆఖరులోగా ఐరావతం వంతెన ఎక్కితే మీరు నోరెత్తకుండా చెవుల పరీక్షకు వెళ్ళాలి. ఎక్కకపోతే నాకు ఏ శిక్ష వేయాలో మీరే చెప్పండి.

మీ భావి విజేత,
తారక్


ఓక్‌విల్,
18 జనవరి 2025

చిరంజీవి తారక్‌కు,

ఆశీస్సులు. యుద్ధ ప్రకటన అందింది. మ్యాపుకి స్కేలు లేదు, ఉత్తర దిక్కు గుర్తు లేదు. సరిచేసి ఒక కాపీ నీకు పంపుతున్నాను, ఒకటి బేస్‌మెంట్‌లో నా బల్ల మీద పరిచాను.

ముందుగా కిట్టు సంగతి. నువ్వూ అమృతా పొరపాటు పడ్డారు. ఆ పిల్ల బడి నుంచి రాగానే కిందికి దిగి వస్తుంది. నా పక్కన నిలబడి ఏదో చెబుతుంది. నేను తలూపుతాను. వెళ్ళిపోతుంది. ఇందులో ఇష్టం లేకపోవడం ఎక్కడుంది? సైనికులకూ పిల్లలకూ ఎక్కువ మాటలు అక్కర్లేదు. నా చెవులంటావా, దేశానికిచ్చాను. ఇచ్చినదాన్ని తిరిగి అడిగే అలవాటు నాకు లేదు.

పందానికి ఒప్పుకుంటున్నాను. నియమాలు ఇవి. రాసే ఒక్కో ఉత్తరానికి ఒక్కో కదలిక. నా ఫిరంగులు ఎక్కడున్నాయో ఇప్పుడే కాగితం మీద రాసి, కవరు అంటించి అమృతకిచ్చాను. ఇక వాటిని కదపను. గుర్తు కోసం నా మ్యాపు మీద మాత్రం గుండుసూదులు గుచ్చుకున్నాను. నీ వేగులు ఏ దారిన పోయి ఏం చూశారో నేనే నీకు రాస్తాను. అబద్ధం రాయను, ఇది ఆఫీసరు మాట. ఇరుపక్షాలు తలపడితే అమృత పాచికలు వేస్తుంది. ఆమె తీర్పే తీర్పు.

కొత్త ట్యాంకులన్నీ నువ్వే తీసుకో. నాకు ఫిరంగులూ, గుప్పెడు పాత ట్యాంకులూ చాలు.

ఎలైట్ అనే మాట చాలా సంబరంగా వాడావు. అలాంటి డివిజన్ ఎలా తయారవుతుందో తెలుసా? పది రెజిమెంట్ల నుంచి మంచి డ్రైవరునీ, మంచి గన్నరునీ, చివరికి మంచి వంటవాణ్ణీ కూడా లాక్కుంటారు. ఆ పది రెజిమెంట్లూ చప్పబడిపోతాయి. ఇది మాత్రం పేపర్లో పడుతుంది. పేరొచ్చాక దాన్ని వెనక్కి రమ్మనే ధైర్యం ఎవడికీ ఉండదు. ఆ జబ్బు నీ ఐరావతానికి పుట్టుకతోనే ఉంది.

నువ్వు ఓడిపోతే ఏడాది పాటు హాస్యం బంద్. పెళ్ళిళ్ళలో, ఫోన్లో, ఉత్తరాల్లో ఎక్కడా కూడదు. మీ నాన్నకు ఈ శిక్ష సంగతి అమృత చేత ఫోన్లో చెప్పించాను. నన్నే గెలవాలని కోరుకున్నాడు.

ఆశీస్సులతో,
పెదనాన్న


విండ్సర్,
26 జనవరి 2025

పూజ్యులు, ప్రస్తుతానికి శత్రువులు అయిన పెదనాన్నగారికి,

విజయోత్సాహంతో రాస్తున్నాను. అమృతక్క ఫోన్లో చెప్పిన పాచికల సాక్షిగా ఐరావత డివిజన్ రాగిపేటను పొద్దున పట్టుకుంది. మధ్యాహ్నానికి గుర్రాలకోట కూడా మాదే. ఊరి జనం దండలు పట్టుకుని ఎదురొచ్చారు. మేయరు కూతురు నా ముందు ట్యాంకుకి హారతిచ్చింది. ఇవన్నీ మ్యాపులో కనబడవు, నమ్మాలి.

మాకు ఇప్పుడు సొంత జెండా ఉంది. సొంత బ్యాండు మేళం ఉంది. వంట విభాగానికి నా రూమ్మేట్ వెంకటేశ్వర రావుని అధిపతిగా నియమించాను. అతనికి వచ్చింది పప్పు ఒక్కటే. కానీ ఎలైట్ డివిజన్లో అది ఎలైట్ పప్పు అవుతుంది. మిగతా దళాలు డీజిల్ కావాలని అడిగితే ఇవ్వలేదు. ఉన్నదంతా ఐరావతానికే పోయించాను. చరిత్ర సృష్టించేవాళ్ళం ముందు మేమే తాగాలి కదా.

ఒక్క అపశ్రుతి. రెండు ఊళ్ళు జయించిన రోజునే సేనాధిపతిగారి కారు స్టార్ట్ కాలేదు. బయట మైనస్ పద్దెనిమిది. నా థీసిస్ విషయం మీకు తెలుసుగా: చలిలో కారు బ్యాటరీలు ఎందుకు నీరసిస్తాయి. పక్కింటాయన వైర్లు తగిలించి స్టార్ట్ చేస్తూ, "ఏం చదువుతున్నావ్?" అని అడిగాడు. హిస్టరీ అని చెప్పాను.

నా కిటికీలోంచి డెట్రాయిట్ వంతెన కనిపిస్తుంది. ఈ ఊళ్ళో ఇంకో వింత, అమెరికా మాకు ఉత్తరాన ఉంటుంది. రోజూ పొద్దున ఆ వంతెన మీద లారీల వరస చూసి, నా ట్యాంకులు కూడా ఇలాగే మంచేరు దాటతాయని మురిసిపోతుంటాను.

తర్వాతి కదలిక సింగారం మీదికి. అక్కడి కొండ మీద మీ ఎర్ర గుండుసూదులు వణుకుతూ ఉంటాయి, పాపం.

కీర్తి భారంతో వంగిపోతున్న,
తారక్


ఓక్‌విల్,
3 ఫిబ్రవరి 2025

చిరంజీవి తారక్‌కు,

సింగారం నీకే వదిలేశాను. పాచికలు నీ పక్షాన పడ్డాయి. నావాళ్ళు క్రమశిక్షణతో వెనక్కి తగ్గారు. మూడు ఊళ్ళు పట్టుకున్నావు, బాగుంది. నీ డీజిల్ లారీలు ఇంకా మొదటి ఊళ్ళోనే ఉన్నాయని గమనించావో లేదో.

నా గుండుసూదులు ఎర్రవని నీకెవరు చెప్పారు? నేను రాయలేదు. ఈ ఇంట్లో నీ తరఫు మనిషి ఉన్నారని తేలింది. అమృతను పాచికల బాధ్యత నుంచి తప్పించాను. కవరూ పాచికలూ మహీధర్‌కి అప్పగించాను. అల్లుడు కంప్యూటర్ మనిషి, పక్షపాతం ఉండదు. అమృత ఏదో గట్టిగానే అంది. చేతులు తిప్పిన తీరు చూస్తే నిరసన అనిపించింది. రాత్రి కూరలో ఉప్పు లేదు. యుద్ధంలో ఇవి తప్పవు.

కిట్టు రోజూ వస్తూనే ఉంది. ఎందుకొస్తోందో తేల్చాను: నా సీసాలోని ఎండుద్రాక్ష కోసం. వచ్చినప్పుడల్లా గుప్పెడు చేతిలో పెడుతున్నాను. ఏదో అంటుంది, తలూపుతాను. చేతిలో ఆ టాబ్లెట్ ఒకటి పట్టుకుని మ్యాపు దగ్గర కాసేపు తచ్చాడి పోతుంది. పిల్లకు మ్యాపులంటే ఆసక్తి ఉంది. నా పోలిక.

ఇక నీ వేగుల నివేదిక. జాగ్రత్తగా చదువు. సింగారం నుంచి వంతెనకు రెండు దారులు. ఉత్తరాన చిత్తడి నేల, పైన మంచు గడ్డకట్టి ఉంది, ఎంత మందమో తెలియదు. దక్షిణాన తారు రోడ్డు. నీ వేగుల జీపు దక్షిణ రోడ్డు మీద వంతెన కనబడేంత దూరం పోయి వచ్చింది. ఎవరూ ఎదురు కాలేదు. ఒక్క ఫిరంగి కూడా కనబడలేదు.

చలికి చెవులు కప్పుకుని తిరుగు. అంటే నీ చెవులు.

ఆశీస్సులతో,
పెదనాన్న


విండ్సర్,
10 ఫిబ్రవరి 2025

పెదనాన్నగారికి,

మీ నివేదిక చదివి నేనూ, వెంకటేశ్వర రావూ పగలబడి నవ్వాం. అతను ఎందుకు నవ్వాడో అతనికి తెలియదు, నేను నవ్వానని నవ్వాడు. అదే క్రమశిక్షణంటే.

దక్షిణ రోడ్డు ఖాళీయా? తారు రోడ్డు, ఒక్క ఫిరంగి లేదు, రండి నాయనా అని పిలిచినట్టుగా ఉందా? నా వేగులు అమాయకులు. వాళ్ళకు కంటికి కనబడనిదల్లా లేనట్టే. కానీ సేనాధిపతికి మూడో కన్ను ఉంటుంది పెదనాన్నా. రోడ్డు మలుపు దగ్గర మూడు ఫిరంగులు పక్కపక్కనే దాక్కుని ఉన్నాయని నా మూడో కంటికి స్పష్టంగా కనిపించింది. ఎలా అని అడగకండి. మహానుభావులకు అలా తెలిసిపోతుంటాయి.

కాబట్టి నా కదలిక ఇది. ఐరావత డివిజన్ మొత్తం, ఒక్క ట్యాంకు కూడా వెనక ఉంచకుండా, ఉత్తరాన చిత్తడి మంచు మీదుగా వంతెనకు బయల్దేరుతుంది. ఇక్కడ గడ్డకట్టిన మా చెరువుల మీద జనం కుర్చీలేసుకుని చేపలు పడుతున్నారు. మంచు గట్టిదే.

ఇంకోటి. అమృతక్క నిర్దోషి. ఆమె నాకు ఏమీ చెప్పలేదు. దయచేసి కూరలో ఉప్పు వేయించుకోండి.

హియరింగ్ టెస్ట్‌కి ఏ రోజు వీలవుతుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. డాక్టర్లు ఇక్కడ త్వరగా దొరకరు. కిట్టుకు చెప్పేశాను, మామయ్య గెలవబోతున్నాడని.

వంతెన మీద కలుద్దాం.
తారక్


ఓక్‌విల్,
18 ఫిబ్రవరి 2025

చిరంజీవి తారక్‌కు,

ఐరావత డివిజన్ ఇక లేదు.

చిత్తడి మధ్యకు వచ్చాక మంచు పగిలింది. మహీధర్ మూడుసార్లు పాచికలు వేశాడు, మూడుసార్లూ పగిలింది. నీ కొత్త ట్యాంకులు బరువెక్కువ. చేపలు పట్టే కుర్చీల బరువుతో పోల్చుకుని నడిపావు. సగం ట్యాంకులు కడుపు దాకా బురదలో దిగాయి. మిగతావి ఇంజన్లు ఆపకుండా నిలబడ్డాయి, ఆపితే గడ్డకడతాయని. డీజిల్ అయిపోయింది. అదే రోజున నా పాత ట్యాంకులు చుట్టూ తిరిగి వెళ్ళి రాగిపేటలో నీ డీజిల్ లారీలను పట్టుకున్నాయి. కాపలాకు ఎవరూ లేరు, మంచివాళ్ళందర్నీ నువ్వు ముందుకు లాక్కున్నావు. నీ సిబ్బంది ట్యాంకులు దిగి మంచులో నడిచి వెనక్కి వచ్చారు. నీ డివిజన్ వంతెన వైపు ఒక్క గుండు పేల్చలేదు.

దక్షిణ రోడ్డు నిజంగానే ఖాళీగా ఉంది. మహీధర్ కవరు విప్పి చూశాడు. కావాలంటే అతన్ని అడుగు. తిన్నగా వచ్చి ఉంటే మధ్యాహ్నానికి వంతెన నీది. మూడు ఫిరంగులన్న లెక్క ఎక్కడ దొరికిందో నాకు అర్థం కావడం లేదు.

గెలిచినందుకు సంతోషించాలి. కానీ అలవాటు కొద్దీ కారణం వెతుకుతూ కూర్చున్నాను. నీ డివిజన్‌ని చంపింది మంచు కాదు. నేనూ కాదు. ముందున్నవాడు చూసి చెప్పాడు. స్పష్టంగా చెప్పాడు. వెనక కూర్చున్నవాడు, తనకు అన్నీ తెలుసనుకుని, ఆ చెప్పింది వినలే

(ఇక్కడ ఆపాల్సి వచ్చింది. మరునాడు పొద్దున మిగతాది రాస్తున్నాను.)

పైన ఉన్న వాక్యం రాస్తున్నప్పుడు ఎవరో నా భుజం పట్టి ఊపారు. చూస్తే అమృత. ఒంటి మీద కోటు, కాళ్ళకు ఇంటి చెప్పులు, జుట్టు మీద మంచు. వంటింట్లో పోపు మాడి స్మోక్ అలారం మోగిందట. ఒకటి మోగితే అన్నీ మోగుతాయట. బేస్‌మెంట్‌లోది సరిగ్గా నా నెత్తి మీద ఉంది. అందరూ బయటికి పరుగెత్తి ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలబడి లెక్కపెట్టుకుంటే నేను లేను. మంటలేవీ లేవు, ఉత్త పొగే. కానీ బయట ఉన్నవాళ్ళకు అప్పటికి ఆ సంగతి తెలియదు.

నేను పైకి వెళ్ళేసరికి కిట్టు మహీధర్ చంకలో ఉంది. ఏడుస్తోంది. నన్ను చూసి ఏదో అంది. నేను తలూపబోయి ఆగిపోయాను. ఆ పిల్ల ఏమందో నాకు తెలియదు తారక్. ఏ మాటకు తలూపుతున్నానో నాకు తెలియదు.

అలారం కింద కూర్చుని, వినని సేనాధిపతి గురించి నీకు పాఠం రాస్తున్నాను.

పందెం నేను గెలిచాను. అది మర్చిపోకు. ఎల్లుండి అమృతతో హామిల్టన్‌లో చెవుల పరీక్షకు వెళ్తున్నాను. అది ఓడినవాడి శిక్ష కాదు. గెలిచినవాడు తన ఇష్టప్రకారం తీసుకునే నిర్ణయం.

నీ శిక్ష మాత్రం ఈ రోజు నుంచి అమలు.

ఆశీస్సులతో,
పెదనాన్న


విండ్సర్,
25 ఫిబ్రవరి 2025

పెదనాన్నగారికి నమస్కారం.

ఉత్తరం అందింది. ఓటమిని అంగీకరిస్తున్నాను. శిక్షను పాటిస్తున్నాను. ఇక్కడ చలిగా ఉంది. వెంకటేశ్వర రావు పప్పు వండాడు. బాగుంది.

అలారం సంగతి చదివాక రెండు రోజులు నాకు ఏమీ తోచలేదు.

ఇట్లు,
తారక్


ఓక్‌విల్,
16 మార్చి 2025

చిరంజీవి తారక్‌కు,

నీ గత ఉత్తరం అంత దరిద్రమైన ఉత్తరం నా సర్వీసులో చదవలేదు. శిక్షను సడలించే ఆలోచన చేస్తున్నాను. అయితే ముందు నీ మీద విచారణ ఉంది.

మెషీన్లు రెండు చెవులకూ పెట్టారు. మొదటి రోజు ఆ డాక్టరు కుర్చీలోనే తీసి ఇచ్చేద్దామనుకున్నాను. ఈ ఇంట్లో ఫ్రిజ్ మాట్లాడుతుందని నాకెవరూ చెప్పలేదు. అప్పడం నమిలితే కంకర మీద ట్యాంకు నడిచినట్టుంది. మహీధర్ నిజంగానే గొణుగుతాడు. ఆ విషయంలో నేను మొదట్నుంచీ చెప్పింది నిజం.

ఇక నేరం సంగతి. ఆ సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. మెట్ల మీద అడుగులు వినిపించాయి. కిట్టు మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగింది, తెలుగులో. పది దాకా సరిగ్గానే చెప్పింది. పక్కకొచ్చి నిలబడి అంది:

"తాతా, కెన్ ఐ టేక్ ద పిక్చర్?"

"ఏ పిక్చరమ్మా?" అన్నాను.

చేతిలో టాబ్లెట్ దభీమని కింద పడేసింది. "యూ ఆన్సర్డ్!"

"అవును. ఏ పిక్చర్?"

"మ్యాప్ పిక్చర్. ఫర్ తారక్ మామా. ఐ ఆస్క్ ఎవ్రీ డే. యూ ఆల్వేస్ సే యెస్."

అంటే ఇన్నాళ్ళూ నా యుద్ధ రహస్యాలను శత్రువుకు పంపడానికి నేనే తలూపి అనుమతి ఇస్తూ వచ్చాను. ఏ సైన్యంలోనూ ఇలాంటి గూఢచారి పుట్టి ఉండడు. పైఅధికారి దగ్గర పర్మిషన్ తీసుకుని మరీ చేసింది.

ఏం చెయ్యాలో తోచక సీసా తీసి ఎండుద్రాక్ష ఇవ్వబోయాను.

"నో థాంక్యూ తాతా. ఐ డోంట్ లైక్ రెయిజిన్స్. ఐ టోల్డ్ యూ."

"ఎప్పుడు చెప్పావ్?"

"ఎవ్రీ డే."

సీసా మూత బిగించి పక్కన పెట్టాను. ఆ పిల్ల తొందరపడలేదు. కుర్చీ జరుపుకుని నా పక్కన కూర్చుంది. తర్వాత ఒక గంటసేపు ఆగకుండా మాట్లాడింది. బడిలో ఎవరి పన్ను ఊడింది, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, టీచరుకి పిల్లి ఉంది, దాని పేరు ఏమిటి. ఆ యాస ఇంగ్లీషులో సగం నాకు అర్థం కాలేదు. ఒక్క మాట పోనివ్వలేదు. చివర్లో "తాతా, మరి ఇప్పుడు..." అని ఏదో అడగబోయి నవ్వి పైకి పారిపోయింది. ఏమిటో చెప్పడం లేదు.

అమృతకు క్షమాపణ చెప్పుకున్నాను. పాచికలు తిరిగి ఇచ్చేశాను. "నాన్నా, నాకు పాచికలు వద్దు, పిలిస్తే మీరు ఇలా పలికితే చాలు" అంది. ఆమె గొంతు వాళ్ళమ్మ గొంతులా ఉంది. ఎప్పుడు అలా మారిందో నాకు తెలియదు.

ఇప్పుడు నీ వంతు. నా గుండుసూదులన్నీ ఫొటోల్లో చూశావు. దక్షిణ రోడ్డు ఖాళీ అని వేగులు చెప్పారు, ఫొటోలు కూడా చెప్పి ఉండాలి. అయినా చిత్తడిలోకి పోయావు. అమృత ఏమంటుందంటే, నువ్వు కావాలనే ఓడిపోయావట. నాకు బుద్ధి రావాలని ఒక డివిజన్‌ని బలిచ్చావట. చెబుతుంటే ఆమె కళ్ళల్లో నీళ్ళు. నిజమేనా? ఆఫీసరుగా అడుగుతున్నాను, ఆఫీసరుగా సమాధానం చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న


విండ్సర్,
23 మార్చి 2025

విచారణాధికారి, కల్నల్ మల్లికార్జున్ పెదనాన్నగారి సముఖమునకు,

ముద్దాయి తారక్ సమర్పించుకునే వాంగ్మూలం. శిక్ష ఇంకా అమల్లో ఉంది కనుక ఇందులో హాస్యం లేదు. ఎక్కడైనా ఉన్నట్టు తోస్తే అది జరిగిన విషయాల తప్పు.

మొదటి నేరం, గూఢచర్యం. జనవరిలో ఒకరోజు అక్కకు ఫోన్ చేస్తే కిట్టు ఎత్తింది. "తాత ఏం చేస్తున్నారు?" అని అడిగాను. చెప్పకుండా ఫొటో తీసి పంపింది. మర్నాడూ పంపింది. ఆ తర్వాత రోజూ. నేను పంపమనలేదు. వద్దనీ అనలేదు. వచ్చిన సమాచారాన్ని తిప్పి పంపిన సేనాధిపతి చరిత్రలో ఉంటే చెప్పండి, ఆయన పక్కన నిలబడి తల దించుకుంటాను.

రెండో నేరం, కావాలని ఓడిపోవడం. పెదనాన్నా, అక్క కన్నీళ్ళు వృథా. ఆమె తమ్ముడు మహాత్ముడు కాదు. నేను గెలవాలనే ఆడాను. అంత గట్టిగా ఎప్పుడూ ఏదీ కోరుకోలేదు, నా థీసిస్‌తో సహా. మీరు టెస్ట్‌కి వెళ్ళాలంటే నాకు తెలిసిన దారి అదొక్కటే. అందుకే ప్రతి ఫొటోనీ పెద్దది చేసి చేసి చూశాను. సగం ఫొటోల్లో కిట్టు బొటనవేలు ఉంటుంది. కొన్నిట్లో మీ మీసం. ఫిబ్రవరి ఎనిమిదిన వచ్చిన ఫొటోలో మాత్రం దక్షిణ రోడ్డు మలుపు దగ్గర మూడు నల్లటి ఆకారాలు, ఒకదాని పక్కన ఒకటి, స్పష్టంగా ఉన్నాయి; ఎర్ర సూదులు గుచ్చకుండా దాచిన ఫిరంగులే అనుకున్నాను. వేగులు చెప్పింది అబద్ధమని, మీరు ఆఫీసరు మాట తప్పారని నమ్మి, నా డివిజన్ మొత్తాన్ని బురదలో దింపాను.

మొన్న మీ ఉత్తరం చదివాక కిట్టుకు ఫోన్ చేసి అడిగాను. మీరిచ్చిన ఎండుద్రాక్ష ఏం చేసేదానివని. పారేస్తే తాత బాధపడతారని మ్యాపు మీద పెట్టేసేదట. తర్వాత మీరే చూసుకోకుండా తినేసేవారట.

కాబట్టి చరిత్ర ఇలా రాసుకోవాలి. మూడు ఊళ్ళు జయించిన ఐరావత డివిజన్, మూడు ఎండుద్రాక్షలకు భయపడి మంచులోకి పారిపోయి అంతరించింది. వేగుల మాట వినలేదని మీరు అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. మిమ్మల్ని అనుమానించినందుకు మాత్రం ఇది నిజమైన క్షమాపణ.

రెండు నేరాల్లోనూ నేను నిర్దోషిని. ఒకటి అమాయకత్వం, ఒకటి మూర్ఖత్వం. ఆర్మీ చట్టంలో వీటికి శిక్షలు లేవనుకుంటాను.

ఇక, మీరు అడగనిది ఒకటి ఉంది. నేను నిజంగా చేసిన పని అదొక్కటే.

ఫొటోతో పాటు కిట్టు ఒక వాయిస్ మెసేజ్ పంపేది. ఎప్పుడూ ఒకే ముక్క. "మామా, తాతా సెడ్ నథింగ్ అగైన్." మొదటిరోజు జోకు వేద్దామని నోరు తెరిచాను. రాలేదు పెదనాన్నా. నాకు జోకు రాకపోవడం అదే మొదలు. అందుకని చెప్పేశాను: తాత నాకు ఉత్తరం రాశారు, అందులో నీ గురించి రాశారు, నీ కొత్త జడ బాగుందన్నారు అని. మర్నాడు ఇంకేం రాశారని అడిగింది. నువ్వు బొమ్మలు బాగా గీస్తావన్నారని చెప్పాను. అక్కడ ఆపి ఉండాల్సింది. మీరు అలా రోజూ రాస్తూనే ఉన్నారు. మీ చేత చాలా మంచి మాటలు రాయించాను. మీ గొంతు నాకు బాగా వచ్చేసింది.

ఆఖరుగా, ఐరావతం మునిగిపోయిన వారంలో, ఆ పిల్ల బాగా దిగులుగా ఉన్నప్పుడు, ఏప్రిల్ రాగానే తాత నీకు సైకిల్ నేర్పిస్తానని రాశారని చెప్పాను. ఆ సాయంత్రం మిమ్మల్ని అడగబోయి పారిపోయింది అదే. నిన్న అక్కతో వెళ్ళి హెల్మెట్ కొనుక్కుంది. ఊదా రంగుది. పెట్టుకునే నిద్రపోయిందట.

పక్కన చిన్న చక్రాలు అక్కర్లేదని, మీరు పట్టుకుని వెనకాలే పరుగెత్తుతానని కూడా మీరే రాశారు.

మీ విధేయుడు,
తారక్